చౌరస్తా పాట - బొగ్గుబావుల నేల

సినిమా తోడులేక తెలుగుపాట జనులలోనికి పోజాలదను మాట మన పట్టణములయందు చాలకాలముగా చెల్లుచున్నది. హైదరాబాదున వెలసిన చౌరస్తా యను వాద్యబృందము దీనిని చాలవరకు కల్లచేసినది. రామ్ మిరియాల మొదలగు యువకులు గిటారు పట్టి, జమైకా దేశపు రెగే నడకకు మన జానపదపు బాణీని జోడించి, తమ పాటలను తామే కట్టి, తామే పాడి, యూట్యూబు మూలమున జనుల ముందుంచిరి. 'మాయ', 'ఊరెళ్లిపోతా మామా' అను పాటలట్లు వ్యాపించినవే. 2020లో కరోనా ప్రబలినపుడు చేయిచేయి కలుపవలదని వారు పాడిన పాట, బిగుసుకొనిన ప్రకటనలకంటె సులువుగా చెవికెక్కినదని మా యభిప్రాయము.

ఇంగ్లండులోను ఇట్టి ముచ్చట యొకటి కలదు. ఒకప్పుడు చుట్టును బొగ్గుగనులుండిన షెఫీల్డు ఉక్కునగరపు శివారున, 2002లో కొందరు కుర్రవాండ్రు ఆర్కిటిక్ మంకీస్ అను పేర కూడిరి. మంకీస్ అనగా కోతులు, నవ్వువారు నవ్వవచ్చును. తొలిపాటల డిస్కులను వారు కచేరీలలో ఉచితముగా పంచిపెట్టగా, విన్నవారే వానిని ఇంటర్నెట్టున చల్లిరి. 2006 జనవరిలో వెలువడిన తొలి ఆల్బము బ్రిటనులో మొదటి వారముననే 3,60,000 ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. లండను నాగరకుల యుచ్చారణను అరువు తెచ్చుకొనక, వారు తమ యూరి యాసలోనే పాడిరి.

యాస మాట వచ్చినది గనుక మన నేలకు వత్తము. 2023 మార్చి 30న విడుదలయిన 'దసరా' చిత్రము గోదావరిఖని ప్రాంతపు బొగ్గుపల్లె కథ. అందు 'చమ్కీల అంగీలేసి' యను పాటను కాసర్ల శ్యామ్ తెలంగాణపు మాటలలో వ్రాయగా, ధీతో కూడి పాడినవారు ఈ రామ్ మిరియాలయే. అదే సంవత్సరమున వచ్చిన 'బలగం'లో శ్యామ్ వ్రాయగా ఈయన మంగ్లితో పాడిన పల్లెపాటకు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచన బహుమతి లభించినది. సంతోషమే. కాని సినిమా పిలుచుకొనినది గొంతును; బృందమును గాదు.

రామగుండము, గోదావరిఖనులలో గొంతులకేమి కొదువ? 2011 సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా పని నిలిపిరి. ఆ యుద్యమమునకు ధూంధాం పాటలే యూపిరి. ఉద్యమము ముగిసినది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైబడియుండిన కార్మికులలో నేడు సగము లేరు. ఓపెన్‌కాస్టు యంత్రములు బొగ్గును పెంచినవి గాని, షిఫ్టు దిగి యొకచోట కూడు జనమును తగ్గించినవి. ఇక పాటకు నీడ యెవరు?

సింగరేణి సంస్థ డిసెంబరు 23ను తన యావిర్భావ దినముగా జరుపుచున్నది. ఆ దినమున, కార్మికుల బిడ్డలు సొంతముగా కట్టిన పాటలకే యొక వేదిక కేటాయించి, రికార్డింగునకు ఒక గది నేర్పాటుచేసినచో, ఒక యంత్రపు టైరు వెలకు మించి వ్యయము కాదు. సాయంకాలపు కచేరి రెండవ షిఫ్టువారికి అందదు గనుక, దానిని మరునాటి యుదయమున మరల నొకసారి జరుపవలెను.