ఒక బడ్ పాడుతుంది, ఇంకోటి పలకదు

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. "తాతయ్యా, కుడి చెవిది ఛార్జింగ్ ఎక్కట్లేదు, బ్యాటరీ పోయింది, కొత్త ఇయర్‌బడ్స్ కొనాల్సిందే" అని తీర్పు చెప్పేశారు కదా! అంత తొందరేమిటి? గోడకున్న ప్లగ్గులోంచి బయల్దేరిన కరెంటు ఛార్జరూ, కేబులూ, డబ్బా, ఆ డబ్బాలోని బుల్లి పిన్నులూ అన్నీ దాటుకుని బడ్‌లోకి చేరాలి. దారిలో అది ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడంలో ఉన్న సరదా కొత్తవి కొనడంలో ఎక్కడుంది?

ముందు పిన్నులు చూద్దాం. ఒక బడ్ ఎక్కి రెండోది ఎక్కకపోతే చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. సాయంత్రం క్రికెట్ ఆడి వచ్చి, చెవిలోంచి తీసినవి తీసినట్టే డబ్బాలో పడేస్తారు. వాటి మీద చెమటుంది, గులిమి ఉంది. చెమటంటే ఉప్పునీళ్లే. ఉప్పునీళ్లు తగిలిన లోహంలో కరెంటు కూడా నడిస్తే అది కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. పైన బంగారు పూత పోయి, లోపలి రాగి బయటపడి, పచ్చగా చిలుము పడుతుంది. దీన్ని గుర్తుపట్టడానికి ఒక మంచి ఆనవాలు చెబుతాను. బడ్ డబ్బాలో పెట్టి మూత వేశాక కూడా ఫోన్‌లో కనెక్ట్ అయ్యే ఉందని చూపిస్తోందా? అయితే పిన్ను తగల్లేదన్నమాట. తాను ఇంటికి చేరిన సంగతి దానికి తెలియదు పాపం, రాత్రంతా ఫోన్‌తో మాట్లాడుతూ తెల్లారేసరికి ఖాళీ అయిపోతుంది. పొడి దూదిపుల్లతో తుడవండి, పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క అద్ది తుడిచి ఆరనివ్వండి. చేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం వద్దు, అందులోని గ్లిజరిన్ జిగురుగా అంటుకుంటుంది. బ్లేడుతో గీకడం అసలే వద్దు.

డబ్బాకే ఛార్జింగ్ ఎక్కట్లేదంటారా? ఇక్కడొక చిత్రం ఉంది. రెండు వైపులా సి-పిన్ను ఉన్న కేబుల్ పెడితే లైటు వెలగదు, అదే పాత వెడల్పాటి యూఎస్‌బీ కేబుల్ పెడితే వెలుగుతుంది. ఎందుకో చెప్పండి చూద్దాం! పాత ఛార్జరు ఎవరున్నా లేకపోయినా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. సి-పోర్టు ఛార్జరు అలా కాదు, అవతల నిజంగా ఒక పరికరం ఉందని తెలిస్తేనే కరెంటు వదులుతుంది. ఆ సంగతి తెలిపేవి పరికరంలో ఉండే 5.1 కిలో ఓముల చిన్న రెసిస్టర్లు. కొన్ని చవక డబ్బాల్లో వాటిని పెట్టడం మానేస్తారు. అంతే, ఎంత ఖరీదైన ఛార్జరు పెట్టినా మౌనమే. కేబుల్ మార్చి చూడకుండా డబ్బాని తిట్టకండి.

ఇక అసలు బ్యాటరీ. ఫోన్‌లో ఉండేది 5000 ఎంఏహెచ్ అయితే, బడ్‌లోది 30 నుంచి 60 దాకా ఉంటుంది. అంత పిసరులో లిథియం అయాన్ల మంద ఒకటి కాపురముంటుంది. గుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి, గుట్ట మీద ఇంకొకటి అనుకోండి. కింది దొడ్డి కోబాల్ట్ ఆక్సైడ్‌ది, పైది గ్రాఫైట్‌ది, అదే మీ పెన్సిల్ ములుకులో ఉండే పదార్థం. ఛార్జింగ్ అంటే కర్ర పట్టుకుని మందను గుట్ట ఎక్కించడం. పాట పెట్టగానే అవి తమంతట తామే కిందికి దిగుతాయి, ఆ దిగే ఊపులోంచే మన పాట. పై దొడ్డి ఖాళీగా ఉన్నప్పుడు గబగబా దూరిపోతాయి, నిండేకొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చోటు వెతుక్కోవాలి. అందుకే 4.2 వోల్టులకి చేరాక ఛార్జరు ఇక గట్టిగా అదిలించదు, నెమ్మదిగా తోలుతుంది. చివరి ఇరవై శాతం అంతసేపు పట్టేది అందుకే. రోజూ ఎక్కి దిగడంలో కొన్ని గొర్రెలు పై దొడ్డి వాకిట్లోనే చిక్కుకుపోతాయి. గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో ఇరుక్కున్న లిథియం మళ్లీ పనికి రాదు. కొన్ని వందల ఛార్జింగులు అయ్యేసరికి మంద పలచబడుతుంది. మొదట్లో అయిదు గంటలు పాడిన బడ్స్ రెండు మూడేళ్లకి మూడు గంటలే పాడితే అది జబ్బు కాదర్రా, వయసు.

ఆ కోబాల్ట్ ఆక్సైడ్ దొడ్డిని 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో కట్టినాయన జాన్ గుడ్‌ఇనఫ్. జపాన్‌లో అకీరా యోషినో 1985లో దానికి కార్బన్ జోడించి బ్యాటరీ చేశాడు, 1991లో సోనీ వాళ్లు బజారుకి తెచ్చారు. అంతకు ముందే బాట వేసిన స్టాన్లీ విటింగ్‌హామ్‌తో కలిపి ముగ్గురికీ 2019లో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడ్‌ఇనఫ్ గారికి 97 ఏళ్లు! ఆయన తరఫున స్టాక్‌హోమ్‌లో ఉపన్యాసం చదివింది ఎవరనుకున్నారు? మన పక్క తమిళనాడు పల్లెలో పుట్టిన అరుముగం మంథిరామ్. ఇది తలుచుకుంటే నాకు ఎంత సంబరమో.

ఎండాకాలం సంగతి చెప్పడం మరిచేపోయాను. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. బండి డిక్కీలో మధ్యాహ్నమంతా మగ్గిన డబ్బాని తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెడితే ఎక్కదు. దాదాపు 45 డిగ్రీలు దాటితే లోపలి సర్క్యూటే వద్దని ఆపేస్తుంది. అది పాడవడం కాదు, కాపాడుకోవడం. నీడన చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది.

డబ్బా ఉబ్బినా, మూత సరిగ్గా పడకపోయినా మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, మంట పుడుతుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయాలి.

పరీక్షలని నెలల తరబడి మూలన పడేసినవి అయితే, లోపల వోల్టేజి బాగా పడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు సర్క్యూట్ మొదట్లో చాలా సన్నగా కరెంటు తీసుకుంటుంది, లైటు కూడా వెలగకపోవచ్చు. అరగంట అలాగే వదిలేయండి. అప్పటికీ వెలగకపోతే డబ్బాతో పాటు మీ కేబుల్ కూడా పట్టుకురండి, కలిసి చూద్దాం.