డిస్కు తేలికైతే బండికి మేలేనా?

రెండు పాల క్యాన్లు కట్టుకుని కేంద్రానికి వెళ్లే మోటారు సైకిల్ సంగతే తీసుకోండి. క్యానుకు 40 లీటర్ల లెక్కన పాలే 82 కిలోల పైన. బండి, మనిషి, క్యాన్లు అన్నీ కలిపితే ఇంచుమించు 300 కిలోలు. దీన్ని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానికి ఉన్న కిలో బరువు డిస్కుదే.

ఈమధ్య కొన్ని షాపుల్లో ‘లైటు డిస్కు వేయించండి, మైలేజీ పెరుగుతుంది’ అంటున్నారు. తొందరపడి ఒప్పుకోకండి.

నీళ్లు లీటరుకు కిలో తూగుతాయి కదా. అదే కొలతలో స్టీలు 7.8 కిలోలు, బీడు 7.2, టైటానియం 4.5, మనం సిల్వరు అనే అల్యూమినియం 2.7, కార్బన్ సిరామిక్ సుమారు 2.4 కిలోలు తూగుతాయి. అంటే 5 కిలోల బీడు డిస్కును అదే సైజులో స్టీలుతో చేస్తే 5.4 కిలోలు, అల్యూమినియంతో అయితే 1.9 కిలోలే. మరి అందరూ సిల్వరు డిస్కులే ఎందుకు పెట్టరు?

కిటుకంతా వేడిలో ఉంది. బ్రేకు పట్టినప్పుడు బండి వేగం వేడిగా మారి డిస్కులోకి దిగుతుంది. 54 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 300 కిలోల బండిని ఒక్కసారి ఆపితే పుట్టే వేడంతా కిలో స్టీలు డిస్కు మీదే పడిందనుకోండి, అది 65, 70 డిగ్రీలు వేడెక్కుతుంది. డిస్కు అరకిలోదైతే రెట్టింపు. వెంటవెంటనే నాలుగైదు సార్లు ఆపితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. తేమ పట్టిన పాత డాట్ 3 బ్రేకు ఆయిల్ 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. అప్పుడు లివరు మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కార్బన్ సిరామిక్ వేడికి తట్టుకుంటుంది గానీ, దాన్ని ఖరీదైన స్పోర్ట్స్ కార్లకే పెడతారు. మన జోలికి రాని సరుకది. కార్లకు, సరుకు బండ్లకు బీడు, మోటారు సైకిళ్లకు తుప్పు పట్టని స్టీలు వాడేది ఊరికే కాదు.

పైగా డిస్కులో ఓ పావుకిలో తగ్గించి, వెనక 80 కిలోల పాలు మోస్తే మైలేజీ ఎక్కడ పెరుగుతుంది? బరువు తగ్గిస్తామని లేతు షాపులో బీడు డిస్కుకు చిల్లులు వేయించడం మరీ ప్రమాదం. ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. కంపెనీ నుంచి చిల్లులతో వచ్చే డిస్కుల సంగతి వేరు.

మీరు భయపడాల్సింది అరిగి తేలికైన డిస్కుకు. 4 మిల్లీమీటర్ల డిస్కు అర మిల్లీమీటరు అరిగిందంటే, ప్యాడ్లు రాసుకునే భాగంలో ఎనిమిదో వంతు బరువు పోయినట్లే. వేడిని దాచుకునే శక్తీ అంతే తగ్గుతుంది. ఎంతవరకు అరగవచ్చో చాలా డిస్కుల మీద మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు డబ్బు చేతిలో పెట్టకముందే మెకానిక్కు చేత ఇది కొలిపించండి. డిస్కు అంచున అరగని గట్టు మిగిలి ఉంటుంది. అక్కడ కొలిస్తే కొత్త డిస్కులాగే కనబడుతుంది. ప్యాడ్లు పట్టే చోట స్క్రూ గేజితో కొలవమనండి.