పియానో ట్యూనర్ ముసలిదవదు, ల్యాప్‌టాప్ అవుతుంది!

ల్యాప్‌టాప్ ఐదేళ్లు నడిస్తే గొప్పే అనుకుంటాం కదా. శాండర్సన్ అక్యూ-ట్యూనర్ లాంటి పియానో ట్యూనింగ్ పెట్టెల్ని మాత్రం కొన్నవాళ్లు దశాబ్దాల తరబడి వాడుతున్నారు. దాని పని ఒక్కటే: తీగ పలికే స్వరం ఎన్ని సెంట్లు అటూ ఇటూ అయ్యిందో చూపించడం. అర స్వరానికి 100 సెంట్లు. 440 హెర్ట్జ్ అప్పుడూ 440, ఇప్పుడూ 440. ఇక అప్‌డేట్ దేనికి?

ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేర్ భేషుగ్గా ఉన్నా ఓఎస్ చెయ్యిస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఫోన్లూ తక్కువేం కాదు. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత 32-బిట్ యాప్‌లు అసలు ఓపెనే కాలేదు. కచేరీకి గంట ముందు ట్యూనర్ యాప్ ఇలా మొండికేస్తే ఆ టెక్నీషియన్ గతేంటి?

అలాగని పాత పెట్టె కొనమనను. దాని బ్యాటరీకీ వయసుంటుంది, కంపెనీ మూతపడితే స్పేర్లు దొరకవు. పైగా ట్యూన్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పియానో తీగల్ని కొలిచి, ట్యూనింగ్ కర్వ్‌ని గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఆ సుఖం చిన్న డిస్‌ప్లేలో ఎక్కడిది?

నేనైతే యాప్ బాగా నడుస్తున్న పాత ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేసి, ట్యూనింగ్‌కే ఉంచేస్తా. లైసెన్స్ ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందా, రేపు వేరే మెషీన్‌కి మార్చుకోనిస్తారా అన్నది మాత్రం డబ్బు కట్టకముందే అడగండి.