బెజ్జాల ఉక్కు

చిక్కడపల్లి సందులో ఒక ఫ్యాన్ల రిపేరు కొట్టుంది. ఎండాకాలం అశోక్‌నగర్ గదుల్లోంచి పోటీ పరీక్షల పిల్లలు టేబుల్ ఫ్యాన్లు అక్కడికే మోసుకొస్తారు. మొన్న మా ఫ్యాన్ పట్టుకెళితే మెకానిక్ అరిగిన బుష్ పీకి, కొత్తదాన్ని లైటర్ మంటకు చూపాడు. పొడిగా కనిపించిన కంచు మీద చెమట పట్టినట్టు నూనె తేలింది. చల్లారాక లోపలికి ఇంకిపోయింది.

షాఫ్ట్‌కు అది బిగుతైంది. "లోపల కాస్త గీకితే పోదా అన్నా?" అన్నాను.

"గీకితే బెజ్జాలు మూసుకపోతయ్ సార్. నూనె బయటికి రాదు."

లోహపు పొడితో భాగాలు చేసే పౌడర్ మెటలర్జీకి ఆ బెజ్జాలే ప్రాణం. బుష్ కంచుదైనా, ఉక్కు భాగాలూ ఇలాగే తయారవుతాయి. నెయ్యి పోసి సున్నుండ చుట్టినట్టు, కాస్త మైనం కలిపిన ఇనుప పొడిని అచ్చులో నొక్కుతారు. తర్వాత కొలిమిలో కాలుస్తారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ఈ కొలిమి మామూలుగా 1120 దగ్గరే ఉంటుంది. రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుంటాయి. మామూలు ఉక్కు ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములుంటే, ఈ పొడి ఉక్కు తరచు 7 దగ్గర తూగుతుంది. దాదాపు పదో వంతు ఖాళీయే. నారాయణగూడ చౌరస్తాలో ఆగే బైకుల షాక్ అబ్జార్బర్లలో, ఆయిల్ పంపుల్లో ఇలాంటి భాగాలుంటాయి. ఈ విద్య మీద పరిశోధనకు నగర శివారు బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే జాతీయ సంస్థే ఉంది.

చాలా భాగాలు అచ్చులోంచే కొలతకు వస్తాయి. అడ్డంగా ఉండే రంధ్రాలు, మరలు మాత్రం అచ్చులో రావు. అవి లేత్, డ్రిల్ మీదికి వెళ్లాల్సిందే. తంటా అక్కడే. టూల్ అంచు లోహంలోంచి ఖాళీలోకి, ఖాళీలోంచి లోహంలోకి దూకుతూ క్షణానికి వేల చిన్న దెబ్బలు తింటుంది. ఖాళీల వల్ల వేడి కూడా త్వరగా లోపలికి పాకదు, అంచు దగ్గరే ఉండిపోతుంది. కాఠిన్యం కొలిస్తే తక్కువే చూపుతుంది, ఎందుకంటే కొలత మొన ఖాళీలతో కలిపి నొక్కుతుంది. విడి రేణువు దానికంటే గట్టిది. అంకె చూసి 'మెత్తని ఉక్కే కదా' అని వేగం పెంచితే టూల్ పోతుంది. నీళ్ల కూలెంట్ పోస్తే బెజ్జాల్లో చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

అందుకే పొడిలోనే అర శాతం లోపు మాంగనీస్ సల్ఫైడ్ కలుపుతారు. కోసేటప్పుడు లేచే లోహపు చెక్కు సులువుగా విరుగుతుంది, అంచుకు ఒరిపిడి తగ్గుతుంది. రాగినో రెసిన్‌నో ఇంకించి బెజ్జాలు పూడ్చడం ఇంకో దారి. గేర్‌కు అది చెల్లుతుంది. నూనె దాచుకోవాల్సిన బుష్‌కు చెల్లదు. దాన్ని కోయక తప్పకపోతే టూల్ కత్తిలా ఉండాలి. మొద్దు అంచు లోహాన్ని కోయదు, బెజ్జాల మీద మెత్తేస్తుంది.

మా మెకానిక్ గీకలేదు. రేకు డబ్బా గుమ్మరించి, ఒక్కో బుష్‌నే షాఫ్ట్‌కు తొడిగి చూశాడు. నాలుగోది తన బరువుకే మెల్లగా కిందికి జారింది.