దిగే దారి తెలిసి కొండ ఎక్కండి: ఏర్కాడు ప్రయాణం



ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మన ధర్మపురిలోనూ, కృష్ణగిరిలోనూ ఇంటి గోడలు రాత్రి పది దాటినా చల్లారవు. పిల్లలకు బడి సెలవులు. "ఎక్కడికైనా చల్లని చోటికి పోదాం నాన్నా" అని వాళ్లు మొదలుపెడతారు. ఊటీ, కొడైకెనాల్ దూరం. పోతే రెండు రాత్రులైనా ఉండాలి, ఖర్చు కూడా ఎక్కువే. అప్పుడు మన ఇళ్లలో వినిపించే పేరు ఏర్కాడు. పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరుకోగల కొండ అది. అయితే అంత దగ్గర కనుకనే మనం దానికి ఏ ఏర్పాటూ లేకుండా బయలుదేరుతాం. ఈ పూట ఆ ఏర్పాటు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందు ఒక దూరదేశపు సంగతి. స్విట్జర్లాండులో ఆల్ప్స్ పర్వతాల నడుమ మాటర్‌హార్న్ అనే శిఖరం ఉంది. ఎత్తు 4,478 మీటర్లు. దాని పాదాన జెర్మాట్ అనే విడిది గ్రామం. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే ఇంగ్లీషు యువకుడు, మరి ఆరుగురు కలిసి మొదటిసారిగా ఆ శిఖరం ఎక్కారు. ఎక్కడం క్షేమంగానే జరిగింది. దిగేటప్పుడు ఒకరి కాలు జారింది. అందరినీ కలిపి కట్టిన తాడు మధ్యలో తెగింది. నలుగురు లోయలో పడి చనిపోయారు, ముగ్గురే ఊరు చేరారు.

మన ఏర్కాడుకు, ఆ మంచుకొండకు పోలిక ఏమిటని మీరు అడగవచ్చు. ఒక పోలిక ఉంది. ఏర్కాడు పైనున్న సేర్వరాయన్ శిఖరం ఎత్తు 5,326 అడుగులు, అంటే సుమారు 1,623 మీటర్లు. జెర్మాట్ గ్రామం కూడా ఇంచుమించు 1,600 మీటర్ల ఎత్తులోనే ఉంది. వారి ఊరు ఉన్న ఎత్తున మన శిఖరం ఉంది. కాబట్టి మనకు మంచు లేదు, తాళ్లు అక్కరలేదు, గుండె నిబ్బరం కలవారికి ఊపిరి ఆడదన్న భయమూ లేదు. కానీ ఆ ఏడుగురి కథ చెప్పే నీతి ఒకటి ఏ కొండకైనా వర్తిస్తుంది. ఎక్కేటప్పుడు అందరికీ ఉత్సాహమే, జాగ్రత్తా ఉంటుంది. ప్రమాదం పొంచి ఉండేది దిగేటప్పుడే. అందుచేత కొండ ప్రయాణం ఆలోచించేటప్పుడు దిగడం దగ్గరనుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం. ధర్మపురినుంచి తొప్పూరు కనుమ మీదుగా సేలం సుమారు 65 కిలోమీటర్లు. బస్సులో గంటన్నర అనుకోండి. సేలంనుంచి ఏర్కాడు సుమారు 30 కిలోమీటర్లే అయినా, అందులో ఘాట్ రోడ్డు మీద హెయిర్‌పిన్ మలుపులు 20 ఉన్నాయి. సేలం పట్నం సముద్రమట్టానికి 280 మీటర్ల దగ్గర ఉంటే, ఏర్కాడు 1,500 మీటర్ల దగ్గర ఉంది. ఇరవై పైచిలుకు కిలోమీటర్లలో 1,200 మీటర్లు ఎక్కాలి. కాబట్టి గంట పైనే పడుతుంది. బస్సు కోసం కాచుకునే వేళ కలుపుకుంటే ఇంటినుంచి కొండ పైకి మూడున్నర గంటలు. కృష్ణగిరి, హోసూరు, వేపనపల్లి వైపునుంచి వచ్చేవారు ఇంకో గంటో రెండు గంటలో కలుపుకోవాలి.

ఇప్పుడు వెనక్కి రండి. చీకటి పడకముందే ఘాట్ దిగి సేలం చేరాలంటే సాయంత్రం నాలుగున్నరకు మించకుండా కొండ మీద బస్సెక్కాలి. డిసెంబరులో అయితే పొద్దు త్వరగా కుంగుతుంది, పొగమంచు కూడా దిగుతుంది, నాలుగింటికే బయలుదేరడం మంచిది. పొద్దున ఆరింటికి ధర్మపురిలో బయలుదేరినవారు తొమ్మిదిన్నరకు పైకి చేరితే, చేతిలో ఉండేది ఏడు గంటలు. అందులో భోజనానికి గంట తీసేయండి. ఆరు గంటల్లో చూడగలిగినంతే పట్టీలో రాసుకోవాలి. కొండ మీద బస్సు దిగగానే మొదట చేయవలసిన పని, తిరుగు బస్సులు ఎన్నింటికి ఉన్నాయో కండక్టరును అడగడం. ఫొటోలు ఆ తరవాత.

ఏం చూడాలి? ఏర్కాడు పేరులోనే సగం జవాబుంది. తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. ఊరి నడుమ ఆ చెరువు ఉంది, పడవలు ఉన్నాయి. చిన్న పిల్లలకు అదే చాలు. అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో సేర్వరాయన్ కొండమీద ఇరుకైన గుహలో సేర్వరాయన్ స్వామి, కావేరి అమ్మవారు కొలువై ఉన్నారు. ఈ దేవుడు ఈ కొండజాతివారి కులదైవం. వారిని మలయాళీలంటారు. కేరళవారు అనుకునేరు, కాదు. మలై అంటే కొండ, ఆ కొండల్లో ఉండేవారని అర్థం. మన హరూరు దగ్గరి సిత్తేరి కొండల్లో ఉండేవారు కూడా ఈ జాతివారే. మే నెలలో స్వామికి ఉత్సవం జరుగుతుంది. అది వారి పండుగ అని గుర్తుంచుకుని, చెప్పులు విడిచి, గొంతు తగ్గించి లోపలికి వెళ్లండి.

మూడోది, లేడీస్ సీట్ అనే అంచు. అక్కడ నిలబడితే మనం ఎక్కివచ్చిన మలుపులన్నీ, దూరాన సేలం పట్నమూ కనబడతాయి. చెరువు, గుడి, ఈ అంచు, ఈ మూడూ ఒక రోజుకు సరిపోతాయి. కిలియూరు జలపాతం, పగోడా పాయింట్, భారత వృక్షశాస్త్ర సర్వే వారి ఆర్కిడ్ మొక్కల తోట కూడా చూడాలంటే ఒక రాత్రి అక్కడ ఉండండి. ముఖ్యంగా కిలియూరు దారి నిటారుగా దిగి, మళ్లీ ఎక్కవలసిన దారి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని పైనే కూర్చోబెట్టండి. నీళ్లు నిండుగా ఉండేది వానల తరవాతే. ఎండాకాలంలో సన్నని ధారే మిగులుతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బండలు నాచుపట్టి జారతాయి, పిల్లల చేయి వదలకండి.

దారి పొడవునా కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. 1820లలో సేలం కలెక్టరుగా ఉన్న కాక్‌బర్న్ దొర ఈ కొండకు కాఫీని తెచ్చాడు. అప్పట్లో మన ధర్మపురి కూడా సేలం జిల్లాలోనే ఉండేది, 1965లోనే విడి జిల్లా అయింది. ఆ తోటలు ఒకరి సొత్తు. అడగకుండా లోపలికి పోవడం, కాయలు కోయడం మర్యాద కాదు.

ఎప్పుడు వెళ్లాలి? ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరు, ఏడు డిగ్రీలు తగ్గుతుంది. మన ఊరికీ ఏర్కాడుకూ తేడా ఇంచుమించు అంతే. కాబట్టి మేలో చల్లగానే ఉంటుంది, కానీ పూలప్రదర్శన రోజుల్లో జనమూ బళ్లూ కిక్కిరిసిపోతాయి. సెలవుదినం కాని వారం మధ్య రోజు చూసుకోండి. జోరువానలు కురుస్తున్న రోజుల్లో మాత్రం ప్రయాణం మానుకోండి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వానలకు ఈ ఘాట్‌లో మట్టిచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. బయలుదేరే ముందు రేడియోలో వాతావరణ వార్త వినండి.

ఇక సొంత బండిలో వెళ్లేవారికి అసలు మాట. 2024 ఏప్రిల్ 30న ఏర్కాడునుంచి సేలం దిగుతున్న ఒక బస్సు మలుపు దగ్గర లోయలో పడింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు, ఎందరో గాయపడ్డారు. కొండ దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా తొక్కిపెడితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో, దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగండి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరమైనప్పుడు మాత్రమే తొక్కవచ్చు. పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి జారవిడవడం ప్రాణాలతో చెలగాటం. మలుపుకు ముందు హారన్ కొట్టండి. ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వండి, అది చట్టం కూడా. బ్రేకు కాలిన వాసన వస్తే విశాలమైన చోట ఆపి, చల్లారేదాకా ఆగండి. డ్రైవరును త్వరపెట్టకండి. అద్దె బండి అయితే రాత్రంతా నడిపి వచ్చినవాడా, నిద్ర పోయాడా అని బయలుదేరేముందే అడగండి, మొహమాటం వద్దు.

చిన్న విషయాలు కొన్ని. మలుపుల్లో పిల్లలకు కడుపు తిప్పుతుంది, కాబట్టి బయలుదేరేటప్పుడు రెండు ఇడ్లీలు చాలు. వాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరం చూడమనండి. ఎండాకాలమైనా ఒక శాలువ పట్టుకెళ్లండి. అన్నం క్యారియరులో, నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను తమిళనాడులో 2019 జనవరి 1నుంచి నిషేధించారు. కోతులకు తిండి పెట్టకండి. అలవాటుపడితే రేపు మరొకరి బిడ్డ చేతిలోది లాక్కుంటాయి.

శ్రోతలారా, జెర్మాట్ గ్రామంలోకి పెట్రోలు కార్లను రానివ్వరు. వచ్చినవారు కింది ఊళ్లో బండి వదిలి రైలెక్కి వెళతారు. మనకు కొండమీదికి రైలు లేదు, కానీ బస్సు ఉంది. సొంత బండికి, కొత్త డ్రైవరుకు బదులు రోజూ ఆ దారి తిరిగే బస్సును నమ్ముకోవడం చాలా ఇళ్లకు మంచి నిర్ణయం. చూడవలసినది ఒకటి తగ్గినా పరవాలేదు, కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు ఇంటిల్లిపాదీ క్షేమంగా సేలం బస్టాండులో దిగారంటే, ఆ ప్రయాణం జరగవలసినట్టు జరిగినట్టే.

సెలవు.