షికాగో బండెక్కిన కుటుంబాలు

1910లో షికాగోలో నల్లవారు సుమారు 44 వేలమంది. పదేళ్లు తిరిగేసరికి లక్షా 9 వేలు దాటారు. మిసిసిపీ, లూసియానా, అలబామా పల్లెల్లో సామాన్లు సర్దుకుని ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కిన కుటుంబాలవల్లే ఈ పెరుగుదల. దీనికి మామూలుగా చెప్పే కారణం తేలికైనది: మొదటి ప్రపంచయుద్ధంతో యూరప్ నుంచి వచ్చే కూలీలు తగ్గిపోయారు, కబేళాలకూ ఉక్కు మిల్లులకూ మనుషులు కావలసివచ్చారు, అదే సమయంలో దక్షిణాదిలో పత్తికి కాయతొలుచు పురుగు పట్టింది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే కూలిరేటు, పురుగు మాత్రమే చూస్తే అసలు సంగతి మన కళ్లకు ఆనదు. అక్కడి నల్లరైతు పొలం పాలుకు చేసేవాడు. విత్తనం, తిండిగింజలు భూస్వామి దుకాణంలోనే అరువు. పత్తి తూకం వేసేదీ, పద్దు రాసేదీ కూడా ఆ భూస్వామే. ఏడాది చివర అప్పే మిగిలేది. లెక్క తప్పిందని అడిగితే వినే కోర్టు లేదు, మార్చే ఓటు లేదు. ఎదురు తిరిగినవాణ్ని మూక చంపేసినా అడిగే నాథుడు లేడు. షికాగోకు వాళ్లు రాసిన ఉత్తరాలను ఎమ్మెట్ స్కాట్ సేకరించి 1919లో అచ్చు వేయించాడు. వాటిలో పని ఉందా అన్న ప్రశ్నతోపాటు పిల్లలకు మంచి బడి దొరుకుతుందా అన్న ఆరా ఉంది. నా ఉత్తరం పత్రికలో వేయవద్దు అన్న వేడుకోలు ఉంది. ఆ వేడుకోలు ఒక్కటి చాలు, అక్కడి బతుకెలాంటిదో తెలియడానికి.

కూలీలను కుదిర్చే మేస్త్రీలు వచ్చి మభ్యపెట్టి తీసుకుపోయారని భూస్వాములు వాదించారు. మొదట్లో మేస్త్రీలు తిరిగిన మాట నిజమే. వాళ్లను అడ్డుకోవడానికి జార్జియాలోని మేకన్ పట్టణం లైసెన్సు రుసుమును 25 వేల డాలర్లకు పెంచింది. కొన్ని స్టేషన్లలో పోలీసులు ప్రయాణికులను రైళ్లనుంచి దింపేశారు. అయినా వలస ఆగలేదు. ఎందుకంటే అప్పటికే కబురు మోసుకొచ్చేవి వేరే ఉన్నాయి: ముందు వెళ్లిన బంధువు రాసిన ఉత్తరం, రైల్వే పోర్టర్లు దక్షిణాదికి చేరవేసిన ‘షికాగో డిఫెండర్’ పత్రిక. తేలిగ్గా మోసపోయే జనమే అయితే, వాళ్లను పట్టి ఉంచడానికి పోలీసులతో పనేముంది?

వెళ్లి ఏం బాగుపడ్డారన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. 1919 జూలై 27న మిషిగన్ సరస్సులో తెల్లవారి వైపుకు తేలుతూ వెళ్లిన 17 ఏళ్ల యూజీన్ విలియమ్స్ రాళ్లదాడిలో మునిగి చనిపోయాడు. ఆ తర్వాతి అల్లర్లలో 38 మంది పోయారు, వారిలో 23 మంది నల్లవారు. నల్లవారికి అమ్మబోమని ఇళ్ల దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1948 వచ్చింది. ఈలోగా దక్షిణ షికాగోలో ఒక్క ఫ్లాట్‌ను ముక్కలు చేసి గదికో కుటుంబాన్ని కుక్కి, వాసికి మించిన అద్దె గుంజారు. ఉత్తరాది స్వర్గమని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. కానీ పోల్చవలసింది స్వర్గంతో కాదు, వదిలివచ్చిన ఊరితో. అల్లర్ల సంగతి తెలిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు, 1930 నాటికి నగరంలో నల్లవారు దాదాపు 2 లక్షల 34 వేలకు చేరారు. ఆ లెక్క ఓట్లలోనూ కనిపించింది: అలబామాలో పుట్టిన ఆస్కర్ డిప్రీస్ట్‌ను 1928లో దక్షిణ షికాగో అమెరికా కాంగ్రెస్‌కు పంపింది. ఉత్తరాది రాష్ట్రం నుంచి గెలిచిన తొలి నల్లజాతి సభ్యుడు అతనే. అతనికి ఓటేసినవారిలో ఎందరినో సొంత ఊళ్లో పోలింగు గది గడప కూడా తొక్కనివ్వలేదు.