తుక్కు కరిగితే బొగ్గు మిగులుతుంది

ఉక్కు కర్మాగారాల్లో సొంత వ్యర్థంతోనే ఇంధనం ఆదా

రావికమతం: గానుగ ఆడగా మిగిలిన చెరకు పిప్పిని ఎండబెట్టి, అదే రసాన్ని కాచే పొయ్యిలో మండించడం ఈ ప్రాంత బెల్లం రైతులకు తరతరాలుగా తెలిసిన విద్య. సొంత వ్యర్థంతోనే సొంత పని నడుపుకొనే ఈ సూత్రాన్ని విశాఖ ఉక్కు కర్మాగారం వంటి భారీ పరిశ్రమలు ఇనుప తుక్కు విషయంలో పాటిస్తున్నాయి. సొంత ఇనుప ఖనిజ గనులు లేని విశాఖ ఉక్కుకు ఈ పొదుపు మనుగడతో ముడిపడిన అంశం.

తుక్కు ఎలా వస్తుంది?

పోత పోసిన ఉక్కు దిమ్మల చివరలను కోసివేస్తారు. రోలింగ్ మిల్లుల్లో కొలతకు సరిపోని కడ్డీలను పక్కన పెడతారు. ద్రవ ఉక్కును మోసే పాత్రల అడుగున కొంత లోహం గడ్డకడుతుంది. చిట్టెంలోనూ ఇనుము మిగిలిపోతుంది. చిట్టెంను పగులగొట్టి, అయస్కాంతాలతో ఆ ఇనుమును వేరు చేస్తారు. ఇలా చేరినదంతా తిరిగి ఉక్కు తయారీకి వెళుతుంది.

ఆదా ఎక్కడ?

ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. దానిని విడదీయడానికే బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ మండించాలి. ఉక్కు తయారీలో అత్యధిక ఇంధనం ఖర్చయ్యేది ఇక్కడే. తుక్కుకు ఈ దశ ఎప్పుడో పూర్తయింది. దానిని కరిగిస్తే చాలు. టన్ను తుక్కును వినియోగిస్తే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క.

కరిగించేందుకు కన్వర్టర్‌లో ప్రత్యేకంగా ఇంధనం అవసరం లేకపోవడం మరో విశేషం. ద్రవ ఇనుములోకి ఆక్సిజన్‌ను ఊదినప్పుడు అందులోని కార్బన్, సిలికాన్ మండి విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడిని అదుపు చేయడానికి ఏదో ఒక చల్లని పదార్థం వేయక తప్పదు. తుక్కు వేస్తే అది వేడిని పీల్చుకుని తానే ఉక్కుగా మారుతుంది. అయితే మోతాదు మించితే ద్రవం చల్లబడుతుంది. కనుక ఈ పద్ధతిలో తుక్కు వాటాకు పరిమితి ఉంది.

సొంత తుక్కే మేలు

బయట కొన్న తుక్కులో ఏయే లోహాలు కలిశాయో తెలియదు. రాగి కలిస్తే దానిని తొలగించడం దాదాపు అసాధ్యం. ఉక్కును వేడి మీద సాగదీసేటప్పుడు పగుళ్లు వస్తాయి. కర్మాగారంలో పుట్టిన తుక్కు రసాయన గుణం ముందే తెలుసు. రవాణా ఖర్చూ తక్కువ. దేనినైనా తడి లేకుండా చూడటం మాత్రం తప్పనిసరి. ద్రవ ఇనుము తగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుడు సంభవిస్తుంది.

అసలు తుక్కే తక్కువగా రావడం అంతకంటే లాభం. ఒకసారి తయారైన ఉక్కును మళ్లీ కరిగించడమంటే దానిని మలచడానికి పెట్టిన ఖర్చు వృథా అయినట్టే. దేశంలోని సమగ్ర ఉక్కు కర్మాగారాల్లో మొత్తం ఉక్కును నిరంతర పోత పద్ధతిలో తీసే విధానాన్ని విశాఖ ఉక్కే మొదట చేపట్టింది. పాత దిమ్మల పద్ధతితో పోలిస్తే ఇందులో కోతల తుక్కు తక్కువ.

ప్రతి టన్నూ విలువైనదే

1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారానికి ఖనిజం ప్రధానంగా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి రావాలి. కోక్ తయారీకి పనికివచ్చే బొగ్గు అధికంగా విదేశాల నుంచి దిగుమతి కావాలి. రెండింటినీ కొనుక్కోవాల్సిందే. 2021 జనవరిలో కేంద్రం సంస్థలోని మొత్తం వాటాల విక్రయానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలపగా కార్మికులు ఉద్యమబాట పట్టారు. 2025 జనవరిలో కేంద్రమే రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ప్యాకేజీ సొమ్ము ఒకసారి వచ్చేది. పొదుపు ప్రతి పోతలోనూ మిగిలేది. పిప్పిని పారేయని బెల్లం రైతుకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.